ఆళ్లగడ్డ బ్యాటరీకి ఒక నంబరు

మా పనిలో ఏ యంత్రాన్ని ఏ ప్రశ్న అడిగినా అది 1.3.6.1 అనే మొదలవుతుంది. నంద్యాలలో మా పెద్ద రూటర్ ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో తెలియాలంటే 1.3.6.1.2.1.1.3.0 అని అడగాలి. మొదటి ఒకటి ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థది. మూడు ఆ సంస్థ గుర్తించిన ఇతర సంస్థలది. ఆరు అమెరికా రక్షణ శాఖది. ఆ తర్వాతి ఒకటి ఇంటర్నెట్‌ది. పొలానికి సర్వే నంబరు, దాని కింద సబ్‌డివిజన్, దాని కింద ఎ, బి అని విడగొట్టుకుంటూ పోయినట్టే ఇదీ పోతుంది. ఈ లెక్కలో 1.3.6.1.4.1 అనే చోటు ఒకటుంది. అక్కడి నుంచి అవతల ఏం అడగాలో, దేనికి ఏ నంబరు ఇవ్వాలో ఎవరికి వాళ్లు నిర్ణయించుకోవచ్చు. ఆళ్లగడ్డలో ఒక డబ్బాలో ఉన్న నాలుగు బ్యాటరీల వోల్టేజీకి నేను నంబరు ఇచ్చింది అక్కడే. ఆ చోటు ఎలా వచ్చింది, దాన్ని ఎవరు ఖాళీగా వదిలిపెట్టారు అన్నది మా వృత్తి చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. కర్నూలు–కడప జాతీయ రహదారి మీద సిరివెళ్ల మెట్ట దాటుకుని పోవాలి. ఆ దారి పొడవునా, అక్కడి నుంచి అహోబిలం వైపూ ఒక చిన్న ఇంటర్నెట్ సర్వీసుకు చెందిన లింకులు చూసుకోవడం నా ఉద్యోగం. ఊరూరా ఇనప డబ్బాలున్నాయి. ఒక్కో దాంట్లో ఇళ్లకు ఫైబర్ పంచే ఓఎల్‌టీ, స్విచ్, బ్యాటరీలు, వాటిని చార్జి చేసే రెక్టిఫయర్. ఫైబరంతా కరెంటు స్తంభాల మీదే. తీగ తెగిందంటే సాధారణంగా వరిగడ్డి లోడు లారీయో ట్రాక్టరో తగిలిందని అర్థం. అహోబిలం వైపు కోతులు కూడా ఒక చెయ్యి వేస్తాయి. మే నెలలో నంద్యాలలో 44, 45 డిగ్రీలు వింతేం కాదు. అప్పుడు డబ్బా లోపలి వేడికి యంత్రాలు తమంతట తామే ఆగిపోతాయి. కరెంటు పోతే బ్యాటరీ మీద బతకాలి.

మాతో పనిచేసే కేబుల్ ఆపరేటర్లలో ఒక పెద్దాయన ఉన్నాడు. లింకు పోయిందంటే ఫోన్ ఎత్తేసరికి మొదలుపెడతాడు: "ఏమప్పా, మల్లా పాయె. జనం ఇంటికొచ్చి కూసుంటాండారు. కరెంటు పొయ్యిందా, వైరు తెగిందా, ఎండకు డబ్బా కాగిందా, మూడిట్లో ఏదో ఒకటి సెప్పు. ఏదో తెలిస్తే ఆ మనిషినే పంపిస్తా." యంత్రాలను ఇలా నంబర్లతో ప్రశ్నలడిగే పద్ధతి పేరు ఎస్ఎన్ఎంపీ. ఆయన ఆ పేరు వినలేదు. కానీ ఏ లింకు గురించైనా అడగవలసిన మూడు ప్రశ్నలూ అవే. విచిత్రమేమిటంటే, ఎస్ఎన్ఎంపీతో పుట్టిన ప్రామాణిక జాబితాలో ఆ మూడింటికీ జవాబు లేదు.

ఎందుకు లేదో తెలియాలంటే 1987కు వెళ్లాలి. అప్పటికి ఇంటర్నెట్ అంటే విశ్వవిద్యాలయాలు, ప్రయోగశాలలు. వాటిని కలిపే గేట్‌వేలు దూరాన ఎక్కడో ఆగిపోతే ఫోన్ చేసి కనుక్కోవడమే గతి. న్యూయార్క్ రాష్ట్రంలో పనిచేసే మార్క్ ఫెడోర్, మార్టిన్ షాఫ్‌స్టాల్, టెనెసీ విశ్వవిద్యాలయంలోని జెఫ్ కేస్, ప్రోటియాన్ కంపెనీలోని జేమ్స్ డేవిన్ కలిసి దూరం నుంచే గేట్‌వేని పలకరించే ఒక చిన్న పద్ధతి రాశారు. దాని పేరు ఎస్‌జీఎంపీ, ఆ పత్రం వచ్చింది 1987 నవంబరులో. 1988లో వింటన్ సెర్ఫ్ ఆధ్వర్యంలో పెద్దలు సమావేశమై భవిష్యత్తుకు ఐఎస్ఓ వాళ్ల భారీ పద్ధతి సీఎంఐపీ, ప్రస్తుతానికి ఈ చిన్నదాన్ని కాస్త సవరించి వాడుకోవడం అని నిర్ణయించారు. హెమ్స్ అనే మూడో పద్ధతి రూపొందించిన వాళ్లు పోటీ నుంచి తామే తప్పుకున్నారు. ఆ ఆగస్టులో ఎస్ఎన్ఎంపీ వచ్చింది. పేరులో మొదటి మాటే 'సింపుల్'. తాత్కాలికం అనుకున్నది నిలిచింది. రావలసిన పెద్దది ఇంటర్నెట్‌లో ఎన్నడూ కుదురుకోలేదు.

దానితో పాటే ఒక జాబితా వచ్చింది: మిబ్. యంత్రాన్ని ఏమేం అడగవచ్చో రాసిపెట్టిన పట్టిక అది. రాసినవాళ్లు తమకు తామే ఒక నియమం పెట్టుకున్నారు. తప్పు దొరకడానికో, అమరిక చూడడానికో తప్పనిసరి అయితేనే జాబితాలో చోటు, మొత్తం వందకు అటూ ఇటూ ఆగాలి. మొదటి జాబితాలో 114 అంశాలు చేరాయి. 1991 మార్చిలో వచ్చిన రెండోదానిలో 171. ఎన్ని బైట్లు వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని ప్యాకెట్లు చెడ్డాయి, ఏ పోర్టు పనిచేస్తోంది, దారి పట్టిక ఏమిటి, ఇవే అన్నీ. బ్యాటరీ లేదు, వేడి లేదు, కరెంటు లేదు. ఆ రాసినవాళ్ల గేట్‌వేలు ఏసీ గదుల్లో, ఆగని విద్యుత్తు మీద నడిచేవి. వాళ్లకు అవసరం లేనిది వాళ్లు రాయలేదు. అందుకు వాళ్లను తప్పుపట్టను. జాబితాను కావాలని చిన్నగా ఉంచి, పక్కనే 4.1 అనే చోటు ఖాళీగా వదిలిపెట్టారే, అందుకు మాత్రం చేతులెత్తి దండం పెడతాను. తమకు తోచనిది ఇంకొకరికి అవసరపడుతుందని ముందే ఒప్పుకున్న ఇంజినీర్లు వాళ్లు.

ఆ ఖాళీ చోట ఏం చెయ్యవచ్చో లోకానికి కళ్లకు కట్టినట్టు చూపించింది ఒక రొట్టె కాల్చే యంత్రం. 1989లో ఇంటరాప్ ప్రదర్శన నిర్వాహకుడు డాన్ లించ్, జాన్ రామ్కీతో అన్నాడట, టోస్టర్‌ను ఇంటర్నెట్‌కు కలిపితే వచ్చే ఏడాది దానికి మంచి చోటిస్తానని. రామ్కీ, ఆస్ట్రేలియాకు చెందిన సైమన్ హాకెట్ కలిసి 1990లో ఆ పని చేసి చూపించారు. టోస్టర్‌కు సొంతంగా ఒక మిబ్ రాశారు. ఎస్ఎన్ఎంపీ ద్వారా ఒక అంకె పంపితే కరెంటు వస్తుంది; ఎంతసేపు ఉంటే రొట్టె అంత ఎర్రగా కాలుతుంది. ఆ మరుసటి ఏడాది రొట్టెముక్కను లోపల పెట్టడానికి ఒక చిన్న క్రేన్ కూడా చేర్చారు. ఇప్పుడు దాన్ని తమాషాగా చెప్పుకుంటారు. నా దృష్టిలో మా వృత్తికి అది పునాది. రొట్టె రంగును అడగగలిగినప్పుడు బ్యాటరీ నీరసాన్ని ఎందుకు అడగలేం?

నాలుగేళ్లకు అది కూడా జరిగింది. 1994 మేలో యూపీఎస్‌ల కోసం ఒక ప్రామాణిక మిబ్ వచ్చింది. కూర్చింది ఆ జెఫ్ కేసే. బ్యాటరీ వోల్టేజీ, ఉష్ణోగ్రత, ఇంకా ఎన్ని నిమిషాలు నిలుస్తుందో అంచనా, అన్నీ ఉన్నాయందులో. ఖాళీ చోట ఎవరెవరో సొంతంగా నిర్వచించుకున్నవి చాలామందికి పనికొస్తాయని తేలాక ఒకటొకటిగా ప్రామాణిక జాబితాల్లోకి ఎక్కాయి. ప్రింటర్లు అలాగే వచ్చాయి, కంప్యూటర్ల డిస్కు, మెమరీ అలాగే వచ్చాయి.

మన దగ్గర ఈ కథ వేరే దారిన మొదలైంది. 1984లో ఏర్పడిన సీ-డాట్, పల్లెల కోసం 128 లైన్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజీని తయారుచేసింది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పనిచేసింది. దాని గొప్పంతా ఒక్కటే: ఏసీ అక్కర్లేదు, మన దుమ్ములో, మన ఎండలో పనిచేస్తుంది. అమెరికా వాళ్లు గది చల్లగా ఉంటుందనుకుని జాబితా రాస్తున్న కాలంలోనే, ఇక్కడివాళ్లు గది చల్లగా ఉండదనుకుని యంత్రం గీశారు. ఈ రెండు ఆలోచనలూ ఒక డబ్బాలో కలుసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. 1991 ఉప ఎన్నికలో నంద్యాల నుంచి గెలిచి లోక్‌సభకు వెళ్లిన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగానే 1994లో జాతీయ టెలికాం విధానం వచ్చింది. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ సామాన్యులకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది.

అదే 1995లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో టోబియాస్ ఓటికర్ అనే యువకుడు ఎంఆర్‌టీజీ అనే ప్రోగ్రాం బయటపెట్టాడు. అతని విశ్వవిద్యాలయానికి ఉన్నది ఒకే ఒక 64 కిలోబిట్ల లైను. అది ఎంత నిండుతోందో అందరికీ చూపించాలనుకున్నాడు. అయిదు నిమిషాలకోసారి బైట్ల లెక్క అడిగి, గ్రాఫు గీస్తుందది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఏది కొలవాలో తేల్చడంతోనే పని అయిపోదని అది నేర్పుతుంది. మొదటి జాబితాలో బైట్ల లెక్కకు 32 బిట్లే ఇచ్చారు. 429 కోట్లు దాటగానే మళ్లీ సున్నా. 64 కిలోబిట్ల లైనుకు అది ఆరు రోజులకు పైగా పడుతుంది. 100 మెగాబిట్ల లైనుకు అయిదు నిమిషాల 43 సెకన్లు. గిగాబిట్ లైనుకు 34 సెకన్లు. అయిదు నిమిషాలకోసారి అడిగేవాడికి మధ్యలో ఎన్నిసార్లు సున్నాకు వెళ్లి వచ్చిందో ఎలా తెలుస్తుంది? తర్వాత 64 బిట్ల లెక్కలు తెచ్చారు. ఇప్పటికీ పాత అంశాన్నే అడిగి, నిండుగా పారుతున్న లైను ఖాళీగా ఉందని నమ్మేవాళ్లను ఈ జిల్లాలోనే చూశాను.

4.1 కింద ఎవరైనా నంబరు అడగవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ఐబీఎంకు 2, సిస్కోకు 9, హెచ్‌పీకి 11, మైక్రోసాఫ్ట్‌కు 311. ఆ తర్వాత వేలు, పదివేలు దాటిపోయింది వరుస. స్వేచ్ఛ ఇచ్చినప్పుడు దానితో పాటు వచ్చే చిక్కు ఒకటుంది: నంబరు పెట్టినవాడు దాని అర్థం చెప్పకపోతే? చవకగా వస్తాయని చిన్న సర్వీసులు కొనే ఓఎల్‌టీలు కొన్ని అలాగే దిగాయి. వేల అంకెలు కక్కుతాయి, ఏది దేనిదో చెప్పే పట్టిక రాదు. అప్పుడు చేసే పని ఒక్కటే. మొత్తం అంకెలన్నీ ఒకసారి తోడి ఫైలులో పెట్టుకోవడం, ఒక ఇంటి ఫైబర్ కనెక్టరును కొద్దిగా వదులు చెయ్యడం, మళ్లీ తోడి ఏ అంకె మారిందో చూడడం. −1950 అన్నది −2600 అయిందంటే అదే ఆ ఇంటికి చేరుతున్న వెలుతురు: −19.50 డీబీఎం నుంచి −26కు పడింది. ఇళ్లకు ఫైబర్ ఇచ్చే జీపాన్ అనే పద్ధతిలో −27, −28 దగ్గర సిగ్నల్ చచ్చిపోతుంది కనుక ఈ ఒక్క అంకె తెలిస్తే జాయింట్ చెడుతున్న ఇంటిని మనవాళ్లు ఫిర్యాదు రాకముందే పట్టుకుంటారు. ఇలా ఒక్కో అంకెకూ పేరు దొరికిన సాయంత్రాలు నాకు ఈ ఉద్యోగంలో దొరికిన గొప్ప సంతోషాలు.

ఇక బ్యాటరీ. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలై, కాలిఫోర్నియా డేవిస్‌లో వెస్ హార్డేకర్ చేతిలో పెరిగి, 2000 నాటికి నెట్-ఎస్ఎన్ఎంపీ అని పేరు మార్చుకున్న ఉచిత ప్రోగ్రాం ఒకటుంది. ఏ చిన్న లైనక్స్ పెట్టెలోనైనా నడుస్తుంది. అందులో 'ఎక్స్‌టెండ్' అని ఒక్క వాక్యం రాసి, ఏదైనా స్క్రిప్టు పేరు చెబితే చాలు, ఆ స్క్రిప్టు ఇచ్చే జవాబు దానంతట అదే ఒక నంబరు కింద కూర్చుంటుంది. మా రెక్టిఫయర్‌కు ఎస్ఎన్ఎంపీ రాదు, సీరియల్ వైరు మీద మాత్రం మాట్లాడుతుంది. స్క్రిప్టు దాన్ని అడిగి వోల్టేజీ తెస్తుంది. పేరు 'బ్యాట్' (batt) అని నాలుగు ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టాను. నెట్-ఎస్ఎన్ఎంపీ ఆ అక్షరాలను కూడా అంకెలుగా మార్చేస్తుంది. అందుకే ఆళ్లగడ్డ బ్యాటరీ పూర్తి నంబరు ఇది: 1.3.6.1.4.1.8072.1.3.2.3.1.1.4.98.97.116.116. చివరి అయిదింటిలో మొదటిది అక్షరాల సంఖ్య, తర్వాతవి అక్షరాలు.

ఎస్ఎన్ఎంపీ మూల నియమాల్లో దశాంశాలు లేవు, పూర్ణాంకాలే. అందుకని 53.4 వోల్టులను 534గా పంపిస్తాం. యూపీఎస్ మిబ్ కూడా అలాగే, వోల్టులో పదో వంతును లెక్కగా పెట్టుకుంది. ఎన్నో వంతో రాసిపెట్టకపోతే తర్వాత వచ్చిన మనిషి 534 వోల్టులని బెదిరిపోతాడు. నాలుగు పన్నెండు వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపితే పేరుకు 48, నిండుగా చార్జింగులో ఉన్నప్పుడు 54 దగ్గర. 46కు దిగితే మాకు ఫోన్లు మోగాలి. 43 దగ్గర రెక్టిఫయర్ బ్యాటరీని కాపాడుకోవడానికి లోడును తానే తెంచేస్తుంది. ఈ 46 ఏ పుస్తకంలోనూ లేదు. నంద్యాల నుంచి జనరేటర్ వేసుకుని ఆళ్లగడ్డ చేరడానికి ఎంతసేపు పడుతుందో, ఆ బ్యాటరీలు ఎన్ని ఎండలు చూశాయో లెక్కవేసుకుని పెట్టుకున్న అంకె.

కరెంటు స్తంభాల మీద ఫైబర్ అన్న ఆలోచనకు రాష్ట్రమంతటా రూపమిచ్చింది 2015లో ఏర్పడిన ఏపీ ఫైబర్‌నెట్. తవ్వకాల ఖర్చు తప్పించి సుమారు 24 వేల కిలోమీటర్ల తీగను స్తంభాల మీదుగా లాగి, విద్యుత్ సబ్‌స్టేషన్లలో యంత్రాలు పెట్టి, విశాఖపట్నంలో పర్యవేక్షణ కేంద్రం నడిపారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలన్న మాట ప్రతి ఊళ్లోనూ వినిపించింది. స్తంభం ఎక్కిన ఫైబర్ చవక, కానీ స్తంభానికి వచ్చే కష్టాలన్నీ దానికీ వస్తాయి.

పెద్దాయన మూడు ప్రశ్నల్లో వైరు సంగతి తేల్చింది అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వాళ్లు జీపాన్‌లో పెట్టిన ఒక చిన్న ఏర్పాటు. ఇంట్లో ఉన్న ఓఎన్‌యూ అనే ఫైబర్ పెట్టెకు కరెంటు పోతే, పూర్తిగా ఆరిపోయే ముందు లోపల మిగిలిన కాస్త శక్తితో ఒక కబురు పంపుతుంది. కొస ఊపిరి అన్నమాట. ఒక పోర్టు కింద 64 ఇళ్లున్నాయనుకోండి. 64 కొస ఊపిరులూ ఒకేసారి వస్తే వీధికి కరెంటు పోయింది. ఒక్కటీ రాకుండా 64 ఇళ్లూ ఒకే సెకనులో మాయమైతే తీగ తెగింది. ఈ తేడా ఏ జాబితాలోనూ ఒక అంశంగా లేదు. రెండు అంశాలను కలిపి మేమే కొత్తది నిర్వచించుకున్నాం: 'కబురు చెప్పకుండా పోయిన ఇళ్లు'. వరి కోతల కాలంలో ఆ గ్రాఫు చూడాలి. గడ్డి లోళ్లు కదిలే పొద్దుల్లోనే లేస్తుంది. ఇప్పుడు కోతలకు ముందే రోడ్డు దాటే తీగలను ఎత్తు పెంచుకుంటూ పోతున్నాం.

ఆ వరి పండేది కేసీ, అంటే కర్నూలు–కడప, కాలువ కింద. ఈ నేల మీద నీళ్లకు పెద్ద ఎత్తున కొలతలు పెట్టింది ఆ కాలువ. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లండ్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద ఆనకట్ట కట్టి, 1863 నుంచి 1870 మధ్య కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా తవ్వింది. సేద్యానికీ, పడవలకూ రెండిటికీ అనుకున్నారు. ఎంత నీరు పారుతోందో కంపెనీ లెక్కకట్టుకుంది. నీళ్లు పారాయి. డబ్బు రాలేదు. నంద్యాల లోయ నల్లరేగడి తేమను పట్టి ఉంచే నేల. జొన్న, పత్తి వేసుకునే రైతుకు ఆ నీటి అవసరం అప్పట్లో అంతగా కనిపించలేదు. నీళ్లెంతున్నాయన్నదానికి కంపెనీ దగ్గర జవాబు ఉంది, నీళ్లు ఎవరికి కావాలన్నదానికి లేదు. చివరికి 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. తర్వాతి తరాల్లో అదే నీటి కింద వరి పరుచుకుని, నంద్యాల పరిశోధన కేంద్రం వరి వంగడాలు విడుదల చేసే దాకా వచ్చింది. కంపెనీ ఇంజినీర్లు తెలివితక్కువ వాళ్లు కారు. వాళ్ల పట్టికలో రైతుకు గడి లేదు, అంతే. మా గది గోడ మీద గ్రాఫులన్నీ పచ్చగా వెలుగుతూ ఉండగా పెద్దాయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చిన ప్రతిసారీ నాకు ఆ కంపెనీ గుర్తొస్తుంది.

ఎస్ఎన్ఎంపీకి వయసు మీద పడింది. యంత్రాల అమరిక మార్చడానికి ఇక కొత్త మిబ్‌లు రాయవద్దని, నెట్‌కాన్ఫ్, యాంగ్ అనే కొత్త పద్ధతులు వాడమని 2014లోనే ఇంటర్నెట్ ప్రమాణాల పెద్దలు చెప్పారు. పెద్ద సంస్థల్లో యంత్రం తానే క్షణక్షణం కబుర్లు పంపే పద్ధతులు వచ్చాయి. పల్లె డబ్బాల్లో ఉన్న యంత్రాలకు మాత్రం ఇంకా పాత భాషే వచ్చు. పద్ధతి మారినా ఏది అడగాలన్న పట్టిక ఎవరో ఒకరు కూర్చోక తప్పదు.

మా పట్టిక ఒక మామూలు ఫైలు. ప్రతి అంశానికీ మిబ్‌లో వివరణ అనే వరుస ఉంటుంది కదా, నేను దానికి పక్కన 'ఎందుకు' అని ఇంకొక వరుస తెలుగులో పెట్టాను. 2019 సెప్టెంబరులో కుందూ పొంగి, మహానంది ఆలయంలోకి నీళ్లొచ్చిన వానల తర్వాత, నంద్యాలలో ఏటి వైపున్న డబ్బా అడుగున తడిని పసిగట్టే తీగ ఒకటి బిగించి దానికీ నంబరిచ్చాం. సున్నా అంటే పొడి, ఒకటి అంటే నీళ్లు. మొన్న కొత్తగా చేరిన తమ్ముడొకడు, ఏళ్లుగా సున్నాయే వస్తోంది, తీసేద్దామా అన్నా అని అడిగాడు. 'ఎందుకు' వరుస చదివి వినిపించాను. తీగ అసలు పనిచేస్తోందో లేదో ఏటా జూన్‌లో చెంబుడు నీళ్లు పోసి చూడాలని ఆ వరుస కిందే అతను చేర్చాడు, పేరు కూడా రాసుకున్నాడు.